ఎండండీ, ఎండ!

మన దగ్గర కారు అద్దం ఎంత నల్లగా ఉంటే లోపలి మనిషి అంత తెల్లగా ఉంటాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. ఆ నల్ల ఫిల్ము ఎందుకన్నా అని అడగండి, "ఎండ తమ్ముడూ" అంటాడు. రాత్రి పదకొండింటికీ అదే ఎండ. డిసెంబరులో లంబసింగి ఘాట్‌లోనూ అదే ఎండ.

నిజంగా ఎండే బాధైతే మందుంది. ఎండ వేడిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలదే. వాటిని ఆపడానికి నలుపు అక్కర్లేదు. మంచి సిరామిక్ ఫిల్ము చూడ్డానికి ఉత్త గాజులాగే ఉండి వేడిని చాలావరకు అడ్డుకుంటుంది. చవకరకం నల్ల ఫిల్మేమో వేడిని తాగి, తానే కాగి, అందులో కొంత మళ్ళీ మన మీదికే వదులుతుంది. డెకార్స్ షాపు కుర్రాడు ఇదంతా చెబుతూనే ఉంటాడు.

"ఇది వేస్తే బయటివాళ్ళకి కనపడతామా?"

"కనపడతారండీ."

"మరి అంత డబ్బు ఎందుకయ్యా పెట్టడం?"

లెక్కలోనూ తిరకాసుంది. ఫిల్ము మీద 70 అని ఉంటే నలుపు 70 కాదు, లోపలికి పోయే వెలుగు 70 శాతం. 5 అంటే కాటుక. చట్టానిదీ ఇదే లెక్క: ముందు, వెనక అద్దాలకు కనీసం 70, పక్క అద్దాలకు 50. చట్టభక్తుడైన మా బావమరిది అందుకే పక్క అద్దాలకు సరిగ్గా 50 ఫిల్ము వేయించాడు. గాజు తన కోత ముందే కోసుకుంటుందని పాపం తెలీదు. 75 శాతం పంపే గాజు మీద 50 ఫిల్ము పడితే మిగిలేది 37 చిల్లర. 70 ఫిల్మైతే 52 దాకా వచ్చి గట్టెక్కేవాడు.

గట్టు ఎక్కడుందన్నది వేరే సంగతి. శాతాలు నాకొద్దు, గాజు తయారీలోనే అలా రావాలి గానీ పైన ఏ ఫిల్మూ అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు అంది. తర్వాత నిబంధన మారింది. కొలత తగ్గకుండా, ప్రమాణాలకు లోబడిన ఫిల్ము వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు అంది. కేరళలో చెల్లిన ఫిల్ము మన చౌరస్తాలో చెల్లుతుందా లేదా అన్నది అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్ కంటిచూపును బట్టి. ఆయనకు మాత్రం ఎండకు ఏ ఫిల్మూ లేదు.

2022లో హైదరాబాద్ పోలీసులు సినిమా హీరోల కార్లు కూడా ఆపి, ఫిల్ములు పీకి, 700 రూపాయల చలానాలు రాశారు. మర్నాడు అన్ని పేపర్లలో ఫొటోలు. ఆ రేటుకు ఏ పేపరూ ప్రకటన వేయదు.

అసలు చిక్కంతా జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకు ఇచ్చిన మినహాయింపుతో వచ్చింది. నల్ల అద్దమంటే ప్రాణభయమున్న పెద్దమనిషని జనానికి అర్థమైపోయింది. మనల్ని చంపేంత తీరిక ఎవరికీ లేకపోవచ్చు. ఉన్నట్టు కనపడటానికి ఖర్చెంత? లేత ఫిల్ము వేస్తే లోపలి గుట్టు రట్టవుతుంది: సైరన్ కొట్టుకుంటూ పోయే బండిలో అన్న ఉండడు. డ్రైవరూ, వెనక సీట్లో ఆనపకాయా ఉంటారు.

మా పేటలో ఒక్క అన్నగారు మాత్రం ధైర్యం చేసి నలుపు పీకించి 70కి మారారు. ఇప్పుడు ముందు అద్దానికి పార్టీ జెండా, ఎమ్మెల్యే గారి ఫొటో, కులసంఘం స్టిక్కరు, కింద గౌరవాధ్యక్షులు అని పెద్దక్షరాలు. ఎండ చుక్క లోపలికి రావడం లేదట.