కళకు డబ్బంటు

కళని డబ్బుతో కొలవకూడదు. ఈ ముక్క చాలా చోట్ల విన్నాను గానీ, నెలాఖరుకి డబ్బు చాలని మనిషి నోట ఒక్కసారీ వినలేదు.

అరకు వెళ్లొచ్చినవాళ్లకి అక్కడి గిరిజనుల ధింసా ఆట తెలుసు. బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, బొంగులో చికెన్, ఆ తర్వాత ధింసా. ప్యాకేజీలో అదో ఐటెమ్. తుడుం మోగుతుంది, మోరి ఊదుతారు, ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా అడుగులేస్తారు. మనవాళ్లూ ఆ వరసలో దూరి, తప్పుడు అడుగులేసి, సెల్ఫీ దిగి, ‘వీళ్లకి డాన్సు రక్తంలోనే ఉందండీ’ అంటారు. రక్తంలో ఉన్నదానికి కూలెందుకని భావం. హోటలువాడి వంట మాత్రం రక్తంలో ఉండదు, బిల్లులో ఉంటుంది.

ఈ సిద్ధాంతమే కొండ దిగి వీడియో గేముల ఆఫీసుకి చేరితే దాని పేరు ప్యాషన్. రాత్రి పన్నెండింటికి కుర్రాడు కుర్చీలోనే ఉంటే ప్యాషన్. జీతం పెంచమంటే ‘అంత కమర్షియల్ ఏంటి బాబూ?’ గడువు దగ్గరపడ్డప్పుడు చేయించే రాత్రీపగలూ చాకిరీకి క్రంచ్ అని ముద్దుపేరు కూడా ఉంది. ఆటలో మాత్రం కత్తికో రేటు, టోపీకో రేటు, ఏమొస్తుందో తెలియని లూట్ బాక్సుకో రేటు. 2006లో ‘ఆబ్లివియన్’ అనే ఆటలో గుర్రపు కవచాన్ని 2.50 డాలర్లకి అమ్మారు. గుర్రం బట్టలకి వెల ఉంది. అవి గీసినవాడికి ప్యాషన్ ఉంది.

రోగం పాతదే. అటారీ కంపెనీకి కోట్ల డాలర్లు తెచ్చిన ఆటల్ని జీతగాళ్లు రాసేవారు, పెట్టె మీద వాళ్ల పేరుండేది కాదు. బట్టల వ్యాపారం నుంచి వచ్చిన అధిపతికి వాళ్లు తువ్వాళ్ల మీద పువ్వులేసేవాళ్లలా కనిపించారంటారు. వాళ్లలో నలుగురు బయటికి వచ్చేసి 1979లో యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. వారెన్ రాబినెట్ అనే ఇంకొకాయన తన ‘అడ్వెంచర్’ ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు దాచి, ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేశాడు.

ధింసా వాళ్లు తమ పేరు ఏ గదిలో దాచుకోవాలి? ధింసా కూడా ఆటే మరి. పులినుంచి తప్పించుకునేది భాగ్ ధింసా, ఆకులేరేది పొత్తర్ తోల ధింసా, ఊరి దేవతకి బోడ ధింసా. ఏ స్టూడియో అయినా లెవెల్స్ అని అమ్ముకునేంత సరుకు. వీడియో కింద మాత్రం ‘గిరిజన మహిళల నృత్యం’ అని ఉంటుంది. వీడియో తీసినవాడి పేరు మూలన ముద్ర కొట్టుకుని ఉంటుంది.

డబ్బు ముడితే కళ చెడుతుందట. పది నిమిషాల్లో అన్నీ ఆడి చూపించమంటే చెడుతుంది, నిజమే. అయితే చెడగొట్టింది వాళ్ల కూలి కాదు, మన బస్సు టైము. అదే అరకులో పండే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో దుకాణం తెరిచారు. అక్కడ కప్పు ముందు కూర్చుని ‘ప్రేమతో పండించిందే కదా, డబ్బెందుకు’ అని ఎవరూ లేచిపోవడం లేదు.

ఈసారి అరకు వెళితే, ఆటయ్యాక వరస మొదట నిలబడ్డావిడ పేరడగండి. టికెట్టులో ఆవిడ వాటా ఎంతో, టికెట్టు అమ్మినవాణ్ని అడగండి.