అంగడి దిగ్విజయము

1997లో చెన్నపట్టణపు తిరువాన్మియూరున, శీతలయంత్రముల శృంగారమేమియు లేక, పప్పు ఉప్పులను మందుమాత్రలను సరసమైన ధరకు విక్రయించుచు గృహిణుల మన్నన గాంచిన ‘సుభిక్ష’ యను అంగడి, తమిళదేశపు టెల్లలు దాటనంతకాలము ఉన్నంతలో బాగుగనే యుండెను. పిమ్మట దానికి దిగ్విజయకాంక్ష పుట్టినది. 2008 నాటికి మన హైదరాబాదుతో సహా దేశమున సుమారు 1600 దుకాణములు వెలసినవి. అప్పు దెచ్చిన సొమ్ముతో సందుసందునకు బోర్డు కట్టుటలో జూపిన చురుకుదనమున వీసమెత్తయినను అరలలో కందిపప్పు నింపుటలో జూపియుండిన నెంత బాగుండెడిది! సరఫరాదారులు బాకీలకును, ఇంటి యజమానులు అద్దెలకును, గుమాస్తాలు (పాపము, వారికి తగ్గింపు ధరకైనను ముట్టలేదు) జీతములకును ఎదురుచూచుచుండగా, 2009 ఆరంభమున కాపలావారు సైతము కూలి గిట్టక తప్పుకొనిరి. అంతట పలుచోట్ల దుకాణములు లూటీయై, మిగిలిన సరకు కాసు చెల్లింపకయే తరలిపోయెను. నూటికి నూరుపాళ్లు తగ్గింపన్నమాట! చవకధరల ప్రతిజ్ఞను ఇంత సంపూర్ణముగ నెరవేర్చిన వర్తకుడు మరియొకడు గలడా? సంస్థను మూసివేయుడని మద్రాసు హైకోర్టు కొన్నేండ్లకు ఉత్తర్వు చేసినది. మూయుటకు అప్పటికి తలుపులెన్ని మిగిలియున్నవో!