లాగేదాన్ని లాగే బండి

(ఇంగ్లండులో లింకన్‌షైర్. పాత ట్రైలర్లు అమ్మే యార్డు. సన్నగా వాన పడుతోంది, అక్కడ అది వార్త కాదు. మాట్లాడేవాళ్లంతా ఇంగ్లీషువాళ్లే. మన సౌకర్యం కోసం తెలుగులో దెప్పుకుంటారు.

పెద్దాయన: రిటైరయ్యాడు, ఆవిరి ఇంజన్ కొన్నాడు. మన పాత రోడ్డు రోలరుకు అన్నగారి లాంటి ట్రాక్షన్ ఇంజన్, సగం సైజులో.
ఇల్లాలు: చెక్కుబుక్కు ఈవిడ సంచీలో ఉంటుంది.
బావమరిది: ప్రతి వస్తువూ ఇంకెక్కడో ఇంతకంటే చవగ్గా దొరుకుతుందని తెలిసినవాడు.
రూళ్లాయన: పక్కింటాయన. ఎవరూ పిలవలేదు.
షాపతను: ఓపికే ఇతని పెట్టుబడి.)

షాపతను: ఏం మోయాలి సార్?

పెద్దాయన: మోయడం ఏమిటి బాబూ, ఊరేగించాలి. ఫాస్టర్ ఇంజన్ అది! మొదటి ప్రపంచ యుద్ధంలో మొట్టమొదటి ట్యాంకులు కట్టింది లింకన్‌లోని ఈ ఫాస్టర్ కంపెనీయే.

ఇల్లాలు: అంత ఘనమైన వంశమైతే తన చక్రాల మీద తనే రావచ్చుగా?

పెద్దాయన: ట్యాంకులు కూడా యుద్ధానికి రైలెక్కే వెళ్లాయి.

షాపతను: బరువెంతుంటుంది సార్?

పెద్దాయన: అసలు సైజు ఇంజన్ 12 టన్నులు అనుకో. నాది సగం సైజు.

బావమరిది: అంటే 6 టన్నులు.

పెద్దాయన: (జాలిగా) పొడవు సగం, వెడల్పు సగం, ఎత్తు సగం. మూడు సగాలూ గుణిస్తే ఎనిమిదో వంతు. ఒకటిన్నర టన్ను.

ఇల్లాలు: ఆగాగు. మొదట నువ్వు కొంటానన్నది అడుగుకు 4 అంగుళాల లెక్కన కట్టినది. ఇంటికొచ్చింది 6 అంగుళాలది. అడిగితే ‘రెండంగుళాలేగా తేడా’ అన్నావు.

షాపతను: ఆ రెండంగుళాలకే బరువు మూడు రెట్లు దాటుతుందమ్మా.

(ఇల్లాలు మొగుడి వైపు చూసింది. మొగుడు వాన వైపు చూశాడు.)

రూళ్లాయన: కాటా వేయించారా?

పెద్దాయన: నువ్వెప్పుడొచ్చావయ్యా?

రూళ్లాయన: కాటా చీటీ ఉందా లేదా చెప్పండి.

ఇల్లాలు: ఉంది. ట్యాంకులో నీళ్లు, బొగ్గు, పనిముట్ల పెట్టె, ఈయన కూర్చునే దిండు, అన్నీ కలిపి 1,740 కిలోలు. నేనే వేయించాను.

బావమరిది: బావా, ఈ లెక్కలన్నీ దండగ. మా ఫ్రెండు దగ్గర పాత క్యారవాన్ ఒకటుంది. పైన డబ్బా పీకేస్తే కింద చట్రం, చక్రాలు, హుక్కు, అన్నీ సిద్ధం. 80 పౌండ్లు. దాని మీద నాలుగు చెక్కలు కొడితే ట్రైలరే.

పెద్దాయన: (కళ్లు మెరిశాయి) 80 పౌండ్లా!

షాపతను: క్యారవాన్ అంటే మంచం, స్టవ్వు, కర్టెన్లు మోసే బండి సార్. బరువు తగ్గాలని దాని చట్రం రేకు పల్చగా చేస్తారు, అది చాలక దానికి బెజ్జాలు కూడా పెడతారు. అక్కడ బరువు నాలుగు మూలలా పరుచుకుని ఉంటుంది. మీ ఇంజన్‌కు వెనక చక్రాలు, కొలిమి, గేర్లు అన్నీ ఒక్కచోటే. చట్రం మధ్యలో వంగుతుంది.

బావమరిది: వంగితే ఇంకో చెక్క కొట్టుకోవచ్చు.

రూళ్లాయన: 1865లో అయితే ఈ గొడవే లేదు. ఆవిరి బండి పల్లెలో గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు. 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకు నడవాలి. అదీ చట్టమంటే! ఇప్పుడో? ట్రైలరు కట్టుకుని హైవే మీద 60 మైళ్ల వేగంతో పోవచ్చట. పైగా 2021 డిసెంబరు 16 నుంచి కారు లైసెన్సు ఉన్న ప్రతివాడూ మూడున్నర టన్నుల ట్రైలరు లాగొచ్చు. అంతకు ముందు 1997 తరవాత పాసైన కుర్రాళ్లకు వేరే పరీక్ష ఉండేది. ఎంత చక్కటి పరీక్ష!

బావమరిది: నేను రెండుసార్లు ఫెయిలయ్యాను.

రూళ్లాయన: అందుకే అంటున్నాను.

(ఇంగ్లండులో చట్టం పోయినందుకు ఏడ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. జెండా పట్టుకు నడిచే ఉద్యోగం తనకిస్తారని వీళ్ల ఆశ కాబోలు.)

షాపతను: ఇది చూడండి. జేసీబీ పిల్లల్ని మోసే బండి. రెండు ఇరుసులు, కమాను కట్టలు, జింకు పూత. పలక 12 అడుగులు. మొత్తం మూడున్నర టన్నులకు పాస్. సొంత బరువు 750. అంటే 2,750 కిలోలు ఎక్కించవచ్చు. 2,800 పౌండ్లు.

పెద్దాయన: 2,800! ఇనప పలకకా?

ఇల్లాలు: మొన్న ఇంజన్ పక్కలకు బంగారు రేకు గీతలు వేయించినప్పుడు ధర అడిగావా?

పెద్దాయన: అది కళ.

ఇల్లాలు: ఇది బ్రేకు.

షాపతను: బాగా చెప్పారమ్మా. 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండి తీరాలి. మీరు కారు ఆపుతారు, వెనక బరువు ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడుకే హుక్కులోని కడ్డీ లోపలికి వెళ్లి ట్రైలరు బ్రేకు పడుతుంది. పొరపాటున హుక్కు ఊడిందనుకోండి, ఈ సన్నటి తీగ బ్రేకు లాగి తను తెగిపోతుంది. అందుకే తుప్పు పట్టిన తీగ కొనకూడదు. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి: 2309 అంటే 2009లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా, రబ్బరు పక్కన పగుళ్లు కనిపిస్తే...

బావమరిది: క్యారవాన్ టైర్లు కొత్తగానే ఉన్నాయి.

ఇల్లాలు: ఏ వారం?

బావమరిది: ...అంకెలు అరిగిపోయాయి.

పెద్దాయన: సరే, బండి ఏదైనా నేను ఆవిరి పెట్టి, విజిల్ కొట్టి, నా ఇంజన్ని నేనే ఎక్కిస్తాను.

షాపతను: ఇనప చక్రం, ఇనప ర్యాంపు, పైన వాన. జారుతుంది సార్. చల్లారిన ఇంజన్ని వించీతో లాగడం మేలు.

పెద్దాయన: నాకు నేర్పుతున్నావా? విను. ఎక్కేటప్పుడు పొగగొట్టం ముందుండాలి. ముందు భాగం లేస్తుంది, బాయిలర్లో నీళ్లు వెనక్కి, కొలిమి నెత్తి మీదికి వస్తాయి. మంచిదే. దిగేటప్పుడు పొగగొట్టం కిందికి పెట్టి దిగావో, నీళ్లన్నీ ముందుకు పోతాయి, కొలిమి నెత్తి పొడిబారుతుంది. కింద నిప్పు మండుతూనే ఉంటుంది. అప్పుడు ఆ నెత్తిలో బిగించిన సీసపు బిరడా కరుగుతుంది, ఆవిరి నిప్పు మీదికి దూకి హెచ్చరిస్తుంది. ఆ బిరడా లేకపోతే రేకే పోతుంది. కనక ఎక్కినట్టే వెనక్కి దిగాలి, గొట్టం పైకే ఉండాలి!

(అందరూ ఒక్క క్షణం గౌరవంగా ఊరుకున్నారు. ఈయనకు నిజంగా తెలిసింది ఇదే. తెలిసినంతమేర అక్షరం తప్పు లేదు.)

షాపతను: అద్భుతం సార్. మరి ట్రైలరు మీద ఇరుసుకు ఎంత ముందు నిలబెడతారు?

పెద్దాయన: ఎక్కడైతేనేం? ఎక్కింది కదా!

షాపతను: బరువంతా ఇంజన్‌కు వెనకే ఉంది. అది ట్రైలరు ఇరుసు దాటి వెనక్కి పోతే హుక్కు పైకి లేస్తుంది, దారిలో ట్రైలరు పాములా అటూ ఇటూ ఊగుతుంది. మరీ ముందుకు జరిపితే కారు తోక నేలకంటుతుంది. హుక్కు మీద ఎంత బరువు పడాలో కారు కంపెనీ రాసి ఇస్తుంది. మీ కారు మొత్తంగా ఎంత లాగుతుంది?

ఇల్లాలు: 1,500 కిలోలు. పుస్తకంలో చూశాను.

షాపతను: ఇంజన్ 1,740, ట్రైలరు 750. మొత్తం 2,490.

(వాన కాస్త గట్టిపడింది.)

బావమరిది: మెల్లగా పోతే?

రూళ్లాయన: మెల్లగా పోయినా నేరం నేరమే.

షాపతను: మూడున్నర టన్నులు లాగే ల్యాండ్ రోవర్ మా తమ్ముడి దగ్గర...

ఇల్లాలు: అంటే 80 పౌండ్ల క్యారవాన్‌తో మొదలై ల్యాండ్ రోవర్ దాకా వచ్చాం. నాకొక అనుమానం. ఈ ఇంజన్లు పూర్వం ఏం పని చేసేవి?

పెద్దాయన: (ఛాతీ విరిచి) బళ్లు లాగేవి! నూర్పిడి యంత్రాలు, సర్కసు వాళ్ల సామాన్లు. ఒక్క ఇంజన్ వెనక మూడు నాలుగు బళ్లు!

ఇల్లాలు: ట్రైలర్లు లాగడానికే పుట్టినదాన్ని ట్రైలరెక్కించాలి. ఆ ట్రైలరు లాగడానికి ఇంకో బండి కొనాలి.

పెద్దాయన: ఆవిరి ఇంజన్ల సంత 30 మైళ్లు. గంటకు 5 మైళ్లు నడుస్తుంది. ఆరు గంటలు. మధ్యలో నీళ్లకు ఆగాలి. స్ప్రింగులు లేవు.

ఇల్లాలు: దిండుంది.

పెద్దాయన: నీకు ఈ ఉద్యమం విలువ తెలియదు. 1950లో అప్పటి బెర్క్‌షైర్‌లో, ఆపిల్‌ఫర్డ్ అనే పల్లెలో ఆర్థర్ నాపర్ తన ఇంజన్ని స్నేహితుడి ఇంజన్‌తో పందెం నడిపాడు. తుక్కుకు పోవలసిన ఇంజన్లు దేశమంతా బతికి బట్టకట్టింది ఆ పందెం తరవాతే.

ఇల్లాలు: పందెం దేనికి?

పెద్దాయన: ...ఒక పీపా బీరుకు.

ఇల్లాలు: చవగ్గా తేలింది.

పెద్దాయన: అయినా ఇంజన్‌కు నీ పేరే పెట్టానుగా!

ఇల్లాలు: నీలాంటి ఆవిరి పిచ్చాయన ఫ్రెడ్ డిబ్నా కూడా తన రోలరుకు పెళ్లాం పేరే పెట్టాడు, ఎలిసన్ అని. విడాకులయ్యాక దానికి తల్లి పేరు బెట్సీ పెట్టాడు. బోర్డు మార్చడానికి ఎంతయిందో ఎప్పుడైనా కనుక్కో.

(నిశ్శబ్దం. ఆవిడ సంచీ తెరిచి చెక్కుబుక్కు తీసింది. ఎందుకు తీసిందో ఇంగ్లండులో ఏ మొగుడికీ తెలియదు, ఇక్కడా తెలియదు.)

ఇల్లాలు: ఆ జేసీబీ బండే ఇవ్వండి. కొత్త టైర్లు, కొత్త తీగ, వించీ, హుక్కుకు తాళం, అన్నీ ఆ 2,800లోనే. ల్యాండ్ రోవర్ వద్దు. సంత రోజున అద్దెకు లాగి పెట్టేవాణ్ణి నేను మాట్లాడతాను.

షాపతను: (నమస్కరించబోయి ఆగి) అలాగేనమ్మా.

పెద్దాయన: (పలక చుట్టూ తిరుగుతూ) 2,750 కిలోలు మోస్తుందన్నావు. నాది 1,740. అంటే ఇంకా వెయ్యి పైచిలుకు కిలోలు ఊరికే వృథాగా...

ఇల్లాలు: వద్దు.

పెద్దాయన: లెక్క చెబుతున్నాను అంతే. 4 అంగుళాల బర్రెల్ కంపెనీ ఇంజన్ ఒకటి అయిదువందల కిలోలుంటుంది.

బావమరిది: బావా, నాకు తెలిసినవాడి దగ్గర చవగ్గా ఉంది!

ఇల్లాలు: నీ ఇంజనే 9 అడుగులు. పలక 12. మిగిలింది మూడడుగులు.

పెద్దాయన: (షాపతని వైపు తిరిగి, గొంతు తగ్గించి) 16 అడుగులది ఉందా?

రూళ్లాయన: చట్టం 7 మీటర్ల దాకా ఒప్పుకుంటుంది.

(ఆయన ఒకరి మాటకు మద్దతివ్వడం ఇదే మొదటిసారి. షాపతను అప్పటికే యార్డు వెనక్కి సగం దూరం వెళ్లిపోయాడు.)