లక్సుమీటరు పద్యం: టీకా తాత్పర్య సహితం

పచ్చవెలుగు కంటి కచ్చంగ నచ్చును,
ఎరుపు నీలి వన్నె లించుకంత;
కంటి తూక మెరిగి కాంతిని గొలవని
లక్సుమీట రేల, లక్షణజ్ఞ!

అవతారిక: జంగారెడ్డిగూడెం వర్జీనియా పొగాకు వేలానికి పేరుపడ్డ ఊరు. అక్కడ ఆకు రంగుకూ ధరకూ దగ్గరి చుట్టరికం. రంగు ఆనాలంటే వెలుగుండాలి, వెలుగు చాలిందో లేదో చెప్పడానికి లక్సుమీటరుండాలి. ఆ అగత్యం గ్రహించి ఓ అజ్ఞాతకవి పద్యం చెప్పాడు. ఆ కవి ఈ టీకాకారుడేనని గిట్టనివాళ్ల ప్రచారం.

ప్రతిపదార్థం: లక్షణజ్ఞ = నిర్వచనం అడగనిదే టీ కూడా పుచ్చుకోని ఓ పండితుడా; పచ్చవెలుగు = 555 నానోమీటర్ల కాంతి (ఆకుపచ్చా, పసుపుపచ్చా అని తగువు పడొద్దు, రెంటికీ నడిమిదే); కంటికి + అచ్చంగ నచ్చును = వాటుకు 683 ల్యూమెన్లుగా తోచును; ఎరుపు నీలి వన్నెలు + ఇంచుకంత = అదే వాటు 650 దగ్గరి ఎరుపైతే సుమారు 73, 450 దగ్గరి నీలమైతే 26 మాత్రమే; కంటి తూకము = 1924లో అంతర్జాతీయ కాంతి సంఘం ఖాయం చేసిన సగటు కంటి పట్టిక. తక్కినది సులభము.

తాత్పర్యం: మీటరులో ఉండేది సిలికాన్ బిళ్ల. దానికి పచ్చ మీద ప్రత్యేక ప్రేమేమీ లేదు. వదిలేస్తే మనకు కనపడని పరారుణానికే ఎక్కువ స్పందిస్తుంది. వెలుగు కొంచెం, వేడి ఘనం అయిన పాత ఫిలమెంటు బల్బును చూసి మహాప్రకాశమని పొగిడేస్తుంది. అందుకే దాని ముందు ఆకుపచ్చ ఛాయ గల ఫిల్టరు బిగిస్తారు. అంటే కంటికున్న పక్షపాతాన్నే యంత్రానికీ అంటగట్టారు. చౌక మీటర్లలో ఈ పోలిక నీలం, ఎరుపుల అంచుల్లో తప్పుతుంది.

శంక: మునిచీకట్లో ఎర్రమందారం నల్లబడుతుందే, అప్పుడో?
సమాధానం: చీకటి కంటి మొగ్గు 507 వైపు జరుగుతుంది. దాని పట్టిక 1951లో వేరే వచ్చింది. మామూలు మీటరుకు పగటి కన్నే తెలుసు.

శంక: మరి ఆకు గ్రేడు మీటరే చెప్పదా?
సమాధానం: చెప్పదు. అన్ని రంగులనూ కలిపి ఒకే అంకె చేస్తుంది. పచ్చటి సోడియం దీపానికీ, పగటి వెలుగుకీ 500 లక్సులే చూపించొచ్చు. కానీ నిమ్మపండు ఛాయ ఆకు, నారింజ ఛాయ ఆకు ఆ దీపం కింద ఒక్కలాగే ఉంటాయి. కనుక రైతు సోదరులారా, ఎవరైనా లక్సుల అంకె చూపి ధర తెగ్గొయ్యబోతే, బేలును ముందు పగటి వెలుగులోకి లాగించండి.