టవర్ సాబ్

ఇందూరు, బోధన్ దిక్కున పనులు చాలించి ఇంటిపట్టున ఉన్న పెద్దమనుషులు మూడు రకాలు. షుగర్ ఫ్యాక్టరీలో చేసినాయన రావాల్సిన బకాయిల లెక్క చెబుతాడు. గల్ఫ్ నుంచి వాపసొచ్చినాయన అక్కడి ఎండను, కఫీల్‌ను తిట్టుకుంటాడు. మిలట్రీ నుంచి వచ్చినాయన బార్డర్ చలిని, క్యాంటీన్ కోటాను ఒకే ఊపులో తలుచుకుంటాడు. ఈ ముగ్గురిలో కలవని నాలుగో రకం ఒకటుంది. తక్కువ మందే, కానీ కాలనీకి ఒక్కడున్నా చాలు, కాలనీ మొత్తానికి తెలుస్తుంది. ఇతనూ మిలట్రీవాడే, కానీ తుపాకీ ఊసెత్తడు. గాలి ఊసెత్తుతాడు.

చాయ్ హోటల్లో కుర్చీ లాక్కుంటూనే ప్రకటన చేస్తాడు: "గాలి పడమటి దిక్కు నుంచి, ఎనిమిది నాట్లు."

పక్క బల్ల దగ్గరి రైతు ఉలిక్కిపడతాడు. "ఇప్పుడేం నాట్లు సార్? కోతలు గూడ అయిపాయె."

రైతుకు నాట్లంటే వరి నాట్లు, ఈయనకు గాలి వేగం లెక్క. ఈయనే టవర్ సాబ్. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేసి, వింగ్ కమాండర్ హోదాలో రిటైరై, నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. బోధన్ పక్క ఊళ్లో నాలుగెకరాలుంది. ఆయన చేసిన ఉద్యోగం ఏమిటన్నది మాత్రం చుట్టాల్లో ఇప్పటికీ ఎవరికీ అంతుబట్టలేదు. పెళ్లిచూపుల నాడు మధ్యవర్తి "పిల్లగాడు మిలట్రీల ట్రాఫిక్ల జేస్తడు" అని చెప్పాడు. పిల్ల మేనత్త మొహం చిట్లించి, "చలాన్లు రాస్తడా? పైపైసలు గిట్ల వస్తయా?" అని అడిగింది. పైన తిరిగేవాళ్లకు చలానా రాయరని, విమానాలకు దారి చెబుతారని ఈయన వివరించాడు. "అంటే విమానం నడపడా?" అంది ఆమె. నడపడు. "మరి నడిపెటోనికి తొవ్వ తెల్వదా?" అంది. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర ఇంతవరకు జవాబు లేదు.

జవాబు హకీంపేటలో ఉంది. ఆయన నౌకరీలో ఎక్కువ కాలం హకీంపేట, బీదర్‌లలోనే గడిచింది. రెండూ పైలట్లకు తర్ఫీదు ఇచ్చే స్థావరాలే. సూర్యకిరణ్ విన్యాసాల బృందం 1996లో పుట్టింది బీదర్‌లోనే. హకీంపేటలో పోలండ్ నుంచి తెచ్చిన ఇస్క్రాలు 2004 దాకా ఎగిరాయి, వాటి పక్కన మన హెచ్‌ఏఎల్ చేసిన కిరణ్‌లు ఎగిరాయి. ప్రయాణికుల విమానాశ్రయంలో విమానాలు టైం టేబుల్ పట్టుకుని వస్తాయి. ఇక్కడ అలా కాదు. ఇరవై రెండేళ్లు నిండని పోరగాళ్లు ఒకే రన్‌వే చుట్టూ గిర్రున తిరుగుతుంటారు. ఒకడు దిగుతుంటాడు. ఒకడు చక్రాలు ఆనించి, ఆగకుండా మళ్లీ లేస్తాడు, దాన్ని రోలర్ అంటారు. ఇంకొకడు దూరం నుంచి ఆయిల్ తక్కువైందని కేకేస్తాడు. వీళ్లందరికీ ఒక వరస పెట్టడమే టవర్‌లో కూర్చున్నాయన పని.

ఆ విద్య తనకు హకీంపేటలో రాలేదని, శక్కర్‌నగర్‌లో వచ్చిందని ఆయన అంటాడు. 1937లో నిజాం కాలంలో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు, గానుగ సీజన్‌లో చెరుకు బండ్లు కాటా కోసం బారులు తీరేవి. చిన్నప్పుడు తండ్రితో పాటు బండి మీద పడుకుని ఆ లైన్లు చూశాడు. "లైన్ల ఆగిన బండి తూకం పోగొట్టుకుంటది, గాలిల ఆగిన విమానం ఆయిల్ పోగొట్టుకుంటది. రెండిట్ల ఎవన్ని ముందుగాల పంపాల్నో తెల్సుడే అక్కల్" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. సైరన్ వినబడదు. సెకన్ల లెక్కన నడిచే మనిషి బోధన్‌లో ఇప్పుడు తానొక్కడినే అని ఆయన నమ్మకం.

సెకన్లంటే మామూలు సెకన్లు కావు. గాలిలో తిరిగేవాళ్లందరికీ ఒకటే టైం ఉంటుంది, దాన్ని జూలూ అంటారు. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. మేనకోడలి పెళ్లిలో ముహూర్తం ఎన్నింటికని ఎవరో అడిగితే, "జీరో ఫోర్ ట్రీ జీరో జూలూ" అన్నాడు. పది గంటలకని దానర్థం. రేడియోలో మాట కలిసిపోకుండా మూడును 'ట్రీ' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకాలన్నది నియమం. పెళ్లికూతురు తండ్రి అయ్యగారి వైపు కంగారుగా చూశాడు. బారాత్ ఎట్లాగూ పన్నెండింటికి వచ్చింది కాబట్టి ఎవరి లెక్కా తప్పలేదు.

ఇంటి నుంచి బయలుదేరడం కూడా ఒక విధానమే. దిగబోయే పైలట్ చక్రాలు బయటికొచ్చాయని, మూడు పచ్చదీపాలు వెలిగాయని టవర్‌కు చెప్పాలి. అంతటితో నమ్మరు. రన్‌వే మొదట్లో చిన్న క్యాబిన్‌లో ఒకాయన దుర్భిణీ పట్టుకుని కూర్చుంటాడు. చక్రాలు లేకుండా ఎవడైనా వస్తుంటే ఎర్ర వెరీ లైట్ ఆకాశంలోకి పేలుస్తాడు, వాడు దిగకుండా మళ్లీ పైకి లేస్తాడు. టవర్ సాబ్ ఇంట్లో ఈ మూడు పచ్చలు గ్యాస్, నల్లా, తాళం. గేటు దగ్గర నిలబడి అడుగుతాడు, భార్య ఒక్కొక్కటి చెప్పాలి. బస్సు పోతున్నా సరే, చెప్పాల్సిందే.

జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం వస్తుందన్న ప్రతిపాదన పేపర్లో కనబడ్డప్పుడల్లా ఆయన పరపతి అమాంతం పెరుగుతుంది. ఎప్పుడొస్తుందని అడిగితే "స్టాండ్‌బై" అంటాడు. ఇన్నేళ్లుగా ఆ జవాబు మార్చాల్సిన అవసరం రాలేదు. ఒకసారి ప్లాట్ల దళారీ ఒకడు కారులో ఎక్కించుకుపోయి, "సార్, రన్‌వే ఎటు మొగానికి పడతది?" అని అడిగాడు. అది గాలిని బట్టి ఉంటుందని, బేగంపేటలో తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి ఒక కొసన 09, ఇంకో కొసన 27 అని రాస్తారని, అవి దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసిన అంకెలని ఈయన అరగంట పాఠం చెప్పాడు. దళారీకి అందులో తూర్పు ఒక్కటే చెవికెక్కింది. మరుసటి వారం కరపత్రం దిగింది: రన్‌వే పక్కనే, ఈస్ట్ ఫేసింగ్, వంద శాతం వాస్తు.

అయితే బోధన్ ఆకాశం మరీ ఖాళీగా ఏమీ లేదు. వరికి మందు కొట్టే డ్రోన్లు వచ్చాయి. మొదటిసారి పక్క మడిలో డ్రోన్ లేచిన రోజున టవర్ సాబ్ చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డు మీదికి ఉరికాడు.

"కాల్ సైన్ ఏంది?"

డ్రోన్ పిల్లగాడు బిక్కమొహం వేశాడు. "కంపెనీ పేరా కాకా?"

"ఎంత ఎత్తుల పోతది?"

"పదడుగులు."

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో నాలుగు వందల అడుగుల దాకా పర్మిషన్ అక్కర్లేదని ఆయనకూ తెలుసు. కానీ చేతికందిన ట్రాఫిక్‌ను వదులుకోబుద్ధి కాలేదు. "గాలి పడమర నుంచి కొడుతుంది, నీ మందంతా పక్కాయన కూరగాయల మీద పడతది, ఆ కొసకెళ్లి మొదలువెట్టు, నడుమ కరెంటు తీగెలున్నయ్" అన్నాడు. పిల్లగాడు చూస్తే నిజమే. ఆ తర్వాత టవర్ సాబ్ యూరియా సంచి కోసి బావి దగ్గర గుంజకు గాలిసంచి కట్టాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మందు కొట్టాలంటే ముందు దాన్ని చూసే ట్యాంకు కలుపుతారు.

ఇక ఆయనతో పడలేని విషయం ఒక్కటే. ఏం చెప్పినా తిరిగి చెప్పమంటాడు. "రెండు చాయ్, ఒకటి చక్కెర లేకుండ. ఏం తెస్తవో చెప్పు." హోటల్ పిల్లగాడు "అయితది తీ సార్" అని పోతాడు. మన జిల్లాలో ఏ పనికైనా, ఏ పత్రానికైనా, ఏ అప్పుకైనా ఇచ్చే జవాబు అదే. ఆ మాట వింటే టవర్ సాబ్‌కు బీపీ లేస్తుంది. మూడు చాయ్‌లు వస్తాయి, మూడింట్లోనూ చక్కెర ఉంటుంది.

ఆ బీపీకి కారణం ఉంది. 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో, పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక పైలట్ బయలుదేరుతున్నామన్నట్టు అన్న మాటకు టవర్ "ఓకే" అంది. ఆగు, పిలుస్తానని ఆ వెంటనే చెప్పిన మాట రేడియో గోలలో కలిసిపోయింది. ఆ "ఓకే"కు, మన "అయితది"కి పెద్ద తేడా లేదు. అందుకే పైలట్ విన్నది తిరిగి చెప్పాలి, టవర్‌లో ఉన్నాయన దాన్ని చెవులు రిక్కించి వినాలి. చుట్టాలు అనుకున్నట్టు ఆయన ఉద్యోగం చెప్పడం కాదు. ఎదుటివాడు ఏం విన్నాడో వినడం.

ఈ విద్యలో ఆయన్ను మించినావిడ ఇంట్లోనే ఉంది. "రాసుకోకు, ఇను. పాలు రెండు ప్యాకెట్లు, కొత్తిమీర, పావుకిల పచ్చిమిర్చి, ఫోన్ చార్జర్. తిరిగి చెప్పు."

"పాలు రెండు, పచ్చిమిర్చి పావు, చార్జర్."

"ఇంకా?"

"సే అగైన్."

"ఒక్క విమానాన్ని గూడ ఇడ్సిపెట్టలే అంటవు, కొత్తిమీరను ఇడ్సిపెట్టినవ్."

మొన్న ఎండాకాలంలో పొలం దగ్గర లైన్‌మన్ స్తంభం ఎక్కబోతూ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. లైన్ క్లియర్ ఇచ్చామన్నారు. "అయితది" అని ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే టవర్ సాబ్ ఆపాడు. "ఏ ఫీడర్ బంద్ జేసిన్రో వాళ్ల నోటితోనే చెప్పమను." లైన్‌మన్ విసుక్కుంటూనే మళ్లీ అడిగాడు. అవతల నుంచి వచ్చింది పక్క ఊరి ఫీడర్ పేరు. లైన్‌మన్ స్తంభాన్ని వదిలి, కాసేపు ఒడ్డు మీద కూర్చుండిపోయాడు. జరగని ప్రమాదానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు, కంట్రోలర్ల సర్వీసంతా అట్లాంటివే. సాయంత్రానికి ఆ సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

మీ కాలనీలోనూ ఇట్లాంటాయన ఉంటే నవ్వుకోండి, తప్పేం లేదు. జూలూ టైం పట్టించుకోకండి, ఎనిమిది నాట్లు వేయకండి. కానీ స్తంభం ఎక్కే ముందు, ఆసుపత్రిలో మందు డోసు రాసుకునే ముందు, "అయితది" అనడం మానేసి విన్నది ఒక్కసారి తిరిగి చెప్పండి. రెండు సెకన్ల పని.