పురుగు మేతపై గట్టు మీది సలహాలు: వినకూడనివి ఆరు

తొలకరి పడిన రాత్రి ఆకివీడు వైపు ఏ చెరువు గట్టు మీదైనా లైటు వేసి చూడండి. ఉసిళ్ళు ముసురుకుంటాయి. రెక్కలూడి నీళ్ళలో పడ్డవాటిని బొచ్చె పైకొచ్చి గుటుక్కున మింగుతుంది. చేపకు పురుగు కొత్త తిండి కాదు. ఇప్పుడు బ్లాక్ సోల్జర్ ఈగ లార్వానీ, పట్టుపురుగు ప్యూపానీ పొడి కొట్టి మేతలో కలుపుతున్నారు. యూరప్ దేశాలు 2017లో చేపల మేతకు పురుగుల ప్రొటీన్‌ను అనుమతించాయి. సరుకు మంచిదే. దాని చుట్టూ పుట్టిన సలహాలే రైతును ముంచేవి.

1. “పురుగు పొడి వేస్తే ఇక తెగుళ్ళే రావు.”
లార్వా చర్మంలో కైటిన్ ఉంటుంది. కొద్ది మోతాదులో అది చేప రక్షణ కణాలను మేల్కొలుపుతుంది. లార్వా కొవ్వులోని లారిక్ ఆమ్లం కొన్ని బాక్టీరియాలను అణచగలదు. అయితే ఇవి చేప సొంత బలాన్ని పెంచేవే తప్ప చేపకు పట్టే పేనును రాల్చేవి కావు, రొయ్యకు సోకే తెల్లమచ్చ వైరస్‌ను ఆపేవీ కావు. రొయ్యకు మనలా యాంటీబాడీలు ఉండవు, పుట్టుకతో వచ్చిన రక్షణే దానికి దిక్కు. మందు పేరుతో పురుగు పొడి అమ్మేవారిని నమ్మకండి.

2. “కొంచెం వేస్తేనే ఇంత మేలైతే, చేప పొడి మొత్తం తీసేసి పురుగే వెయ్.”
కైటిన్ ఎక్కువైతే చేపకు అరగదు, ఎదుగుదల తగ్గుతుంది. పైగా సముద్రపు చేప పొడిలో ఉండే ఇపిఏ, డిహెచ్‌ఏ రకం ఒమేగా-3 కొవ్వులు నేల మీది పురుగులో దాదాపు ఉండవు. చేప పొడిలో కొద్ది భాగం మాత్రమే మార్చి, తూకం చూసుకుంటూ ముందుకెళ్ళండి.

3. “కోడి వ్యర్థాల మీద లార్వాను పెంచు, ఖర్చు కలిసొస్తుంది.”
లార్వా తిన్నదే చేపకు చేరుతుంది. కాడ్మియం లాంటి విషలోహాలు దాని ఒంట్లో పేరుకుంటాయి. పేడ మీద, హోటళ్ళ ఎంగిలి మీద పెంచిన పురుగును యూరప్ ఒప్పుకోదు. కోడి వ్యర్థాలతో కొల్లేరు వైపు చెరువులకు వచ్చిన చెడ్డపేరు చాలు. తవుడు, కూరగాయల తుక్కు, రావులపాలెం మార్కెట్లో మగ్గిపోయిన అరటిపండ్లు ఉండగా ఆ కంపు మనకెందుకు?

4. “మందు కొట్టిన చేలో రాలిన పురుగులు ఏరి వెయ్, ఊరికే వస్తాయి.”
పురుగును చంపిన మందు రొయ్యనూ చంపుతుంది. పైరెత్రాయిడ్ మందులైతే అతి కొద్ది మోతాదుకే. పక్క చేలో పిచికారీ జరిగితే పురుగులను రప్పించే గట్టు మీది లైటు కూడా కొన్నాళ్ళు ఆపేయండి.

5. “లార్వాను ఎండలో పడేసి సంచులకెత్తితే సరి.”
ఎండిన లార్వాలో సుమారు మూడో వంతు కొవ్వే. మన గాలిలోని తేమకు అది మక్కుతుంది, బూజు పడుతుంది. బూజు విషం చేప కాలేయాన్ని తింటుంది. పెంచుకోవాలనుకున్న రోగనిరోధక శక్తి కాస్తా అక్కడే పోతుంది. మరిగే నీళ్ళలో ముంచి తీసి, పెళపెళ విరిగేదాకా ఆరబెట్టి, వీలైతే నూనె పిండించి, నేలకు ఆనకుండా నీడలో పెట్టండి. పొడి కొనేటప్పుడు గుప్పెట్లో నలిపి వాసన చూడండి. మక్కు వాసన వస్తే, వేళ్ళకు జిడ్డుగా ముద్ద కడితే వెనక్కిచ్చేయండి.

6. “మేత మంచిదైతే నీళ్ళ సంగతి చూడక్కర్లేదు.”
అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి నోళ్ళు తెరిచి తేలే చేపకు ఏ మేతా బలమివ్వదు. అమ్మోనియా పెరిగినా, పిల్ల కిక్కిరిసినా ఒత్తిడి పెరిగి రోగంతో పోరాడే శక్తి పడిపోతుంది. ముందు నీళ్ళు, తర్వాతే మేత.

మరేం చేయాలి? శీలావతి, బొచ్చె తవుడుతో, చెక్కతో పెరిగే చేపలు. పెద్ద చెరువులో వాటికి ఖరీదైన పురుగు పొడి అక్కర్లేదు. నర్సరీలో పిల్లకు, కొర్రమీనుకు, రొయ్యకు దాని అవసరం ఎక్కువ. అక్కడ కూడా ఒక్క చెరువుతోనే మొదలుపెట్టండి. పక్కనే అంతే పిల్లతో, అదే నీటితో పాత మేత చెరువు ఉంచండి. ఉండి మత్స్య పరిశోధన కేంద్రంలో అడిగి మోతాదు తెలుసుకోండి. రెండు చెరువుల తూకం, చనిపోయిన లెక్క, మేత ఖర్చు ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయండి. పట్టుబడి నాడు ఆ పుస్తకం తెరవండి. మీ చెరువుకు సరిపోయే సలహా దాంట్లోనే ఉంటుంది.