ఎంపీసీ, బైపీసీ, ఈపాస్

తెలంగాణలో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు ఇంకోసారి పొడిగించారు. విద్యార్థుల మేలు కోరే పొడిగించారట. ఇంటర్ పిల్లలు ఇంకా దరఖాస్తు పూర్తి చేయలేదంటే తప్పు వాళ్లది కాదు, సిలబస్‌ది. ఇంత పెద్ద సబ్జెక్టును ఎంపీసీ, బైపీసీలతో పాటు తీరికవేళల్లో చదువుకోమంటే ఎవరివల్లవుతుంది? అందుకే ఇంటర్ బోర్డుకు నాదొక సలహా. ఆ దరఖాస్తునే రెండేళ్ల గ్రూపుగా పెట్టేయండి. పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు, వెబ్‌సైటుకు ముందే పెట్టుకున్నారు: ఈపాస్.

మొదటి ఏడాది లెక్కల పేపర్లో ఈ ప్రశ్న తప్పనిసరి. ఏడాదికి లక్షా అరవై వేలు వచ్చే బీసీ కుటుంబం పేదదా, కాదా? తొందరపడి జవాబు రాయొద్దు. ముందు ఇల్లు ఎక్కడుందో అడగాలి. పల్లెకు పరిమితి లక్షన్నర, పట్టణానికి రెండు లక్షలు. పల్లెలో ఉంటే వాళ్లు సంపన్నులు. అదే కుటుంబం సామాను ఆటోలో వేసుకుని మున్సిపాలిటీ హద్దు దాటితే పేదవాళ్లు. దాటింపుకు రెండు మార్కులు, ఆటో కిరాయి ఎవరిదో చెబితే బోనస్.

భాషల పేపర్లో పేర్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమై మిగులుతుంది. ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని సోదాహరణంగా నిరూపించాలి. ఛాయిస్ లేదు.

ప్రాక్టికల్స్‌కు ల్యాబ్ మీసేవ కేంద్రం, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సర్వర్. సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టే పిల్ల వేలిముద్ర వేయడానికి వస్తుంది. యంత్రం ఎర్రగా వెలుగుతుంది. "చెల్లె, ఏలు తుడ్సుకొని మల్ల పెట్టు" అంటాడు ఆపరేటర్. చున్నీకి తుడుచుకుని పెడుతుంది. మళ్లీ ఎరుపే. "ఇంకో ఏలు పెట్టు." అదీ అంతే. తునికాకు అరగదీసిన గీతలు తుడిస్తే తిరిగి రావు కదా. చివరికి ఒక వేలు పడేసరికి సర్వర్ పడిపోతుంది. "రేపు రా చెల్లె." రేపు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబుంది. హాజరు 75 శాతం కన్నా తగ్గితే స్కాలర్‌షిప్ రాదు. స్కాలర్‌షిప్ కోసం తిరిగితే హాజరు తగ్గుతుంది. దీన్ని రికార్డు బుక్కులో బొమ్మ గీసి, భాగాలు గుర్తించాలి.

రెండో ఏడాదంతా బ్యాంకింగే. ఎనిమిదో తరగతిలో తీసిన జీరో బ్యాలెన్స్ ఖాతా ఉంటుంది. డబ్బు రాలేదు కాబట్టి లావాదేవీల్లేవు. లావాదేవీల్లేవు కాబట్టి ఖాతా నిద్రపోయింది. ఖాతా నిద్రపోయింది కాబట్టి డబ్బు రాదు. పది మార్కుల వ్యాసరూప ప్రశ్న.

ఇంత డిమాండున్న గ్రూపును కార్పొరేట్ కాలేజీలు వదులుతాయా? ఈపాస్ లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లు మొదలవుతాయి. మొదటి ప్రయత్నంలోనే వేలిముద్ర పడిన విద్యార్థి ఫొటో హోర్డింగెక్కుతుంది. కోచింగ్ ఫీజు మాత్రం రీయింబర్స్‌మెంట్ కింద వస్తుంది. ఈపాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి.

తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ఉండనే ఉంది. పొడిగించిన గడువు అదే. మరి పాసైనవాళ్లకు? మార్కుల మెమో ఇవ్వరు, ట్రెజరీ వాళ్లు టోకెన్ ఇస్తారు. బిల్లు ముట్టిందని దానర్థం. డబ్బు ముడుతుందని ఎక్కడా లేదు.

గ్రూపు పెట్టినా పెట్టకపోయినా ఒక సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాలి. పరీక్ష హాలుకు నిమిషం ఆలస్యమైతే పిల్లల్ని గేటు బయట ఏడిపించిన రాష్ట్రమిది. తర్వాతెప్పుడో దయతలచి ఐదు నిమిషాలు సడలించారు. ఆ లెక్కన సర్కారు తన బకాయిలతో ఏ గేటు బయట నిలబడాలి? 2025 నవంబరులో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే తాళాలు వేసుకున్నాయి. అంత గట్టిగా అడగగలిగినవాళ్ల గతే అది. పదహారేళ్ల పిల్ల ఏం వేసుకుంటుంది తాళం? ఆమె కాలేజీ మానేస్తుంది. లేదా ఎలాగో ఇంటర్ పూర్తి చేసి, ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వకపోతే, దోస్త్‌లో వచ్చిన డిగ్రీ సీటు వదులుకుంటుంది. ఆ తర్వాత పెళ్లి సంబంధాలు ఎవరూ వాయిదా వేయరు.

సర్కారువారూ, గడువు పొడిగించడం దయ అనుకుంటున్నారు. పొడిగించుకుంటున్నది మీ గడువు. దరఖాస్తుల చివరి తేదీ జరిగినకొద్దీ చెల్లింపుల మొదటి తేదీ కనబడకుండా పోతోంది. తాను పేదనని ఆ పిల్ల ఏటా సంతకంతో, వేలిముద్రతో, జిరాక్సులతో రుజువు చేసుకుంటోంది. డబ్బు ఫలానా తేదీన ఇస్తామని మీరొక్క కాగితం మీద రాయండి. ఆ తేదీ దాటితే ఆలస్యానికి జరిమానా ఆమె ఖాతాలో వేయండి. అందాకా మీరు పొడిగించిన ప్రతి గడువూ ఎగవేతే.